ముఖవస్త్రము: దాని చరిత్రయు ప్రయోజనమును

రాజుల పట్టాభిషేకములును, యుద్ధములును, సంధులును మాత్రమే చరిత్రయని తలంచుట మనకు చిరకాలముగ నలవాటైనది. భుజముమీది కండువా, నెత్తిమీది కొంగు, చేతిలోని దస్తీ చరిత్రకారుని కంటికి సాధారణముగ నానవు. జనులు తినిన తిండియు, కట్టిన బట్టయు, ఆడిన యాటయు చరిత్రయేయని 1949లో తమ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ద్వారా మనకు చూపిన సురవరము ప్రతాపరెడ్డిగారు గద్వాల సీమవారే. ఆ సీమకు సమీపముననే యున్న యొక యూరిని మనస్సునం దుంచుకొని, జానెడు వెడల్పుగల యొక గుడ్డముక్క చరిత్రను ఈ వ్యాసమున విచారింపదలచితిని. అది ముక్కును నోటిని కప్పుకొను ముఖవస్త్రము; నేడు మన యిండ్లలో మాస్కు అని పిలువబడునది.

తిమ్మాజిపేట జడ్చర్లకును నాగర్‌కర్నూలునకును నడుమ నున్న మండల కేంద్రము. 2016 వరకు మహబూబునగరు జిల్లాలో నుండి, పిదప నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. ఈ పాలమూరు సీమ వలసలకు పేరొందినది. వానలు తప్పిన యేటెల్ల ఇచ్చటి కూలీలు బొంబాయికిని, పూనాకును, ఆనకట్టలు కట్టుచోట్లకును పోవుట తరతరములుగ జరుగుచు వచ్చినది. 2020వ సంవత్సరము మార్చి 2వ తేదీన తెలంగాణమునందు మొదటి కోవిడు రోగి గుర్తింపబడెను. మార్చి 25 నుండి దేశమంతట రాకపోకలు నిలిపివేయబడినవి. దూరదేశములకు పోయిన పాలమూరువారు పనులు లేక తిరుగుముఖము పట్టిరి. ఏప్రిలు 10వ తేదీన బయట తిరుగువారందరు మాస్కు ధరింపవలెనని రాష్ట్ర ప్రభుత్వ మాజ్ఞాపించెను. మే నెలలో ధరింపనివారికి వేయి రూపాయల జరిమానా విధింపబడెను.

అపుడు ఊరూర నొక ప్రశ్న పుట్టెను: గాలిని గుడ్డ యాపునా? చదువు లేనివారు రచ్చబండకడ నడిగిన ప్రశ్నయు, చదువుకొన్నవారు అంకెలు చూపి యడిగిన ప్రశ్నయు నొక్కటియే. వ్యాధి వెనుకకు తగ్గినది గాని ప్రశ్న తీరలేదు. మరల నట్టి వ్యాధి వచ్చినపుడు మన యింటి ముసలివారినెట్లు కాపాడుకొందుమనునది దీనిమీద నాధారపడి యున్నది. కావున వాదప్రతివాదములను ప్రక్కన బెట్టి, మొదట చరిత్రను చూతము.

నోటికి గుడ్డ కట్టుకొనుట మన దేశమునకు క్రొత్త కాదు. శ్వేతాంబర జైనులలో స్థానకవాసి, తేరాపంథి సాధువులు నోటిపై ముఖవస్త్రికను ధరింతురు. సూక్ష్మప్రాణులకు తమ నోటి గాలి వలన హింస కలుగరాదనునది వారి యుద్దేశము. పారసీక పురోహితులు తమ పవిత్రాగ్నికి ఉచ్ఛ్వాసనిశ్వాసములు సోకకుండ ‘పదాన్’ అను తెల్లని వస్త్రమును ముఖమునకు కట్టుకొందురు. 1847లో సికిందరాబాదున వెలసిన అగ్నిమందిరము వలన ఈ యాచారము మన రాజధానివారికిని తెలిసినదే. మన దేవాలయములందును నైవేద్యమును వండువారును, మోయువారును ముక్కునకు నోటికి వస్త్రము కట్టుకొనుట పలుచోట్ల కలదు. ఈ మూడు ఆచారములందు నొక సామాన్యాంశము గమనింపదగినది. వస్త్రము ధరించువాని రక్షణకై కాదు, ఎదుటనున్న దాని రక్షణకై ధరింపబడుచున్నది. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

అయినను ఇవి శుచికి సంబంధించిన యాచారములే గాని వ్యాధి శాస్త్రమునకు సంబంధించినవి కావు. శాస్త్రము ఈ గుడ్డను చేపట్టిన సంవత్సరము 1897. ఆ యేటనే ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదునకు చేరువనున్న బేగంపేటలో రొనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అదే సంవత్సరమున జర్మనీలోని బ్రెస్లావు పట్టణమున కార్లు ఫ్లూగె యను శాస్త్రజ్ఞుడు, మనుష్యుడు మాటాడునపుడును దగ్గునపుడును నోటినుండి కంటికి కనబడని తుంపురులు వెడలుననియు, అవి సూక్ష్మజీవులను మోయుననియు చూపెను. ఆ పట్టణమందలి శస్త్రవైద్యుడు మికులిచ్ వెంటనే యొక పొర పలుచని గుడ్డను ముఖమునకు కట్టుకొని శస్త్రచికిత్సలు చేయ నారంభించెను. పారిసులో పాల్ బెర్జే యను వైద్యుడును ఆ యేటనే అట్లు చేసెను. ఇచ్చటను రోగి గాయమును వైద్యుని నోటినుండి కాపాడుటయే యుద్దేశము.

ఆ దృష్టి మారినది మంచూరియాలో. 1910 చివర ఆ దేశమున ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగెను. పెనాంగులో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన వూ లియెన్-తే యను యువ వైద్యుని చీనా ప్రభుత్వము డిసెంబరులో హార్బిను నగరమునకు పంపెను. ఈ ప్లేగు ఎలుకల గోమార్ల వలన గాక రోగి శ్వాస వలన నొకరినుండి యొకరికి సోకుచున్నదని అతడు నిశ్చయించి, పలుచని గుడ్డ పొరల నడుమ దూది నుంచి ముఖమునకు కట్టు సాధనము నొకటి చేయించెను. అనుభవమున పెద్దవాడైన మెస్నీ యను ఫ్రెంచి వైద్యుడు ఆ యువకుని మాట నంగీకరింపలేదు. ముఖవస్త్రము లేకయే రోగులను పరీక్షించి, 1911 జనవరి 11వ తేదీన ఆ వ్యాధితోనే మరణించెను. అటుపిమ్మట వైద్యులు, పరిచారకులు, శవములు మోయువారు, సామాన్యులు సైతము ఆ గుడ్డను కట్టుకొనిరి. సుమారు అరువదివేల ప్రాణములను గొని ఆ వ్యాధి 1911 వసంతమునాటికి శాంతించెను. అయితే ఆ జయము ముఖవస్త్రముదే యనుట న్యాయము కాదు. రోగులను వేరుచేయుట, రాకపోకల నాపుట, శవములను దహించుట మొదలగునవి యన్నియు నేకకాలమున జరిగినవి. ఆ ప్లేగునకు కారణము బాక్టీరియా యను సూక్ష్మజీవియే కాని వైరసు కాదనియు మనము మరువరాదు.

ఇక 1918. ఆ యేటి ఇన్‌ఫ్లుయెంజా జూను నెలలో బొంబాయి రేవున దిగి, సెప్టెంబరునాటికి మహోగ్రరూపమును దాల్చెను. ఆ సంవత్సరమే వానలు తప్పి దేశమునందు కాటకము. హిందూదేశమున ఒక కోటికి పైబడి జనులు మరణించిరని చరిత్రకారుల యంచనా. నైజాము రాష్ట్రపు జనాభా లెక్కలను చూడుడు. 1911లో సుమారు 1 కోటి 34 లక్షలున్న జనసంఖ్య 1921 నాటికి 1 కోటి 25 లక్షలకు దిగినది. పదియేండ్లలో పెరుగవలసిన జనము పెరుగకపోగా తొమ్మిది లక్షలు తరిగినది. అందు ప్లేగునకును, క్షామమునకును పాలు కలదు కాని, ఇన్‌ఫ్లుయెంజా పాలు పెద్దది. మన తాత ముత్తాతల కాలమున ‘ఇంటికొక్కరు పోయిరి’ అను మాట అతిశయోక్తిగ బుట్టినది కాదు.

ఆ కాలమున హైదరాబాదు ప్రభుత్వము చేసిన వానిలో ఒక దాని గుర్తు నేటికిని జనుల నోట నిలిచియున్నది. సోకుడు వ్యాధుల రోగులను వేరుగ నుంచుటకై 1915లో ఎర్రన్నగుట్టయందు క్వారంటైను ఆసుపత్రి యొకటి నెలకొల్పబడి, తరువాత నల్లకుంటకు మార్చబడెను. అదియే నేటి ఫీవరు ఆసుపత్రి. దానికి సర్ రొనాల్డు రాసు పేరు పెట్టబడినది. అయినను నగరమందలి పెద్దలు దానిని ‘కోరంటి దవాఖానా’ యనియే పిలుతురు. క్వారంటైను అను పరభాషాపదము జనుల నోట నలిగి కోరంటి యైనది. వేరుగ నుంచుట మన భాషలోనికి వచ్చి నూరేండ్లు దాటెను. ముఖవస్త్రము మాత్రము అప్పుడు సామాన్య జనులలోనికి రాలేదు.

అది వచ్చిన చోట, అనగా అమెరికాలో, ఏమి జరిగినదో చూతము. శాన్ ఫ్రాన్సిస్కో నగరమున 1918 నవంబరు 1 నుండి మాస్కు నిర్బంధము చేయబడెను. వ్యాధి తగ్గెనని మూడు వారములలో తీసివేసిరి. 1919 జనవరిలో అది మరల విజృంభింపగా నిర్బంధమును మరల విధించిరి. అంతట దానిని వ్యతిరేకించుటకై యొక సంఘమే యేర్పడి, వేలకొలది జనులతో సభ జరిపినది. మనుష్య స్వభావము దేశకాలములను బట్టి పెద్దగ మారదనుటకు ఇది సాక్ష్యము. ఆ కాలిఫోర్నియా ఆరోగ్యశాఖలోని కెల్లాగు అను వైద్యుడే ఈ గుడ్డలను పరీక్షించి 1920లో ఫలితములను ప్రకటించెను. పొరలు పెరిగినకొలది గుడ్డ సూక్ష్మజీవులను ఎక్కువగ పట్టుచున్నది. కాని మిక్కిలి దళసరియైనపుడు శ్వాస గుడ్డగుండ పోక, ప్రక్కల సందులనుండి పోవుచున్నది. నిర్బంధము వలన నగరములలో వ్యాధి తగ్గినట్లు కనబడలేదని అతడు నిష్కపటముగ వ్రాసెను. ఆ నాటికి ఇన్‌ఫ్లుయెంజా వైరసును ఎవరును కనుగొనలేదు. మనుష్యులలో దానిని లండనులో కనుగొనినది 1933లో.

ఇంతవరకు చరిత్ర. ఇప్పుడు పూర్వపక్షము.

కొందరిట్లందురు: ‘కోవిడు వైరసు మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రముండును. గుడ్డ రంధ్రములు దానికంటె నెన్నియో రెట్లు పెద్దవి. జల్లెడలో ఇసుక నిలుచునా?’ ఈ వాదము వినుటకు సొంపుగ నున్నది. కాని రెండు విధముల తప్పు. మొదటిది, వైరసు ఒంటరిగ ప్రయాణము చేయదు. శ్వాసలోని తుంపురులలో, వాని తడి యారగా మిగిలిన రేణువులలో కలిసి పోవును. అవి వైరసుకంటె పెద్దవి. రెండవది, ముఖవస్త్రము జల్లెడవలె పని చేయదు. ప్రత్తి యేరు కాలమున బండ్లు పోవు దారి ప్రక్క తుమ్మకంపను చూడుడు. కంప సందులు దూదిపింజ కంటె పదింతలు పెద్దవి. అయినను కంపనిండ దూది తగులుకొని యుండును. గాలి వంకరలు తిరిగి కంపను దాటిపోవును, పింజ తిరుగలేక ముల్లునకు తగులును. మాస్కులోని నూలుపోగుల నడుమ జరుగునదియు ఇట్టిదే. పెద్ద రేణువులు మలుపు తిరుగలేక పోగులకు కొట్టుకొనును. అతిసూక్ష్మములైనవి నిలుకడలేక ఇటునటు చలించుచు తగులుకొనును. నడిమి పరిమాణము గలవే యెక్కువగ తప్పించుకొనును. వానిని పట్టుటకే ఎన్-95 అను రకములో పోగులకు విద్యుచ్ఛక్తి నెక్కింతురు. అవి నూటికి తొంబదియైదు వంతులకు తక్కువ గాకుండ పట్టును. సాధారణమైన బట్ట అంత పట్టదు. ఎంత మేలైన దైనను ముక్కు ప్రక్కల సందు విడిచినచో, కట్ట యెంత దృఢముగనున్నను గండి పడిన చెరువువంటిదే.

ఇక శాస్త్రజ్ఞులలోనే భేదాభిప్రాయము లేదా యని యడుగవచ్చును. కలదు, దానిని దాచుట సంస్కారుల ధర్మము గాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట ఆరోగ్యవంతులైన సామాన్యులకు మాస్కు అక్కరలేదని చెప్పి, 2020 జూను 5వ తేదీన మార్చుకొన్నది. ఆ జూలైలో 239 మంది శాస్త్రజ్ఞులు ఈ వ్యాధి గాలిలో తేలియాడు సూక్ష్మరేణువుల వలనను వ్యాపించునని బహిరంగముగ వ్రాసిరి. గాలి వెలుతురు లేని గదిలో, రోగికి దూరముగ నున్నవారికిని సోకుట దీని వలననే.

తరువాత జరిగిన పరీక్షలలో రెండింటిని చూతము. డెన్మార్కులో 2020లో సుమారు ఆరువేల మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు మాస్కు ధరింపుమని చెప్పిరి. వారిలో నూటికి 1.8 మందికి, తక్కినవారిలో 2.1 మందికి వ్యాధి సోకినది. భేదము స్వల్పము, నిశ్చయము కానిది. కాని ఆ పరీక్ష మాస్కు తనను ధరించినవానిని కాపాడునా యని మాత్రమే చూచినది. ఎదుటివానిని కాపాడునా యని చూడలేదు. ఊరిలో తక్కినవారెవరును ధరింపని కాలమది. రెండవది మన దేశమును పోలిన బంగ్లాదేశములో జరిగినది. ఆరువందల గ్రామములు, మూడు లక్షలకు పైబడిన వయోజనులు. కొన్ని గ్రామములందు మాస్కులు ఉచితముగ పంచి, దాని యుపయోగమును తెలియజెప్పి, ఊరి పెద్దలచేత ధరింపించి చూపిరి. ధరించువారు నూటికి 13 నుండి 42కు పెరిగిరి. ఆ గ్రామములందు రక్తపరీక్షచే రుజువైన కోవిడు వ్యాధి సుమారు తొమ్మిది వంతులు తగ్గినది. ఆసుపత్రులలో వాడు రకమును పంచిన గ్రామములందు అరువదియేండ్లు దాటినవారిలో తగ్గుదల నూటికి 35 వంతులు. నూలుబట్టతో చేసిన మాస్కులకు మాత్రము స్పష్టమైన ఫలము కనబడలేదు.

2023 జనవరిలో కొక్రేన్ సంస్థ ఇట్టి పరీక్షల నన్నింటిని సమీక్షించి, సామాన్య జనులలో మాస్కులవలన భేదము కొంచెము గాని, అసలే లేకుండుట గాని కావచ్చునని వ్రాయగా, మాస్కులు నిష్ఫలములని రుజువైనదని పత్రికలు చాటినవి. ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలే మార్చిలో ఆ తాత్పర్యము సరికాదనియు, జనులను మాస్కు ధరింప ప్రోత్సహించుట వలన వ్యాధి తగ్గునా యనుటయే సమీక్షింపబడిన ప్రశ్నయనియు, దానికి నిశ్చితమైన సమాధానము దొరకలేదనియు తెలియజేసెను. మందు పని చేయుట వేరు, రోగి మందు పుచ్చుకొనుట వేరు. పుచ్చుకొనని మందు కుదుర్చలేదని మందును నిందింపరాదు. అట్లే పుచ్చుకొనరని తెలిసియు దానినే నమ్మి యూరకుండరాదు.

ఈ సాక్ష్యములనుండి నాకు తోచిన సిద్ధాంతమిది. ముఖవస్త్రము కోటగోడ కాదు. వ్యాధిని సగము చేయుననుటకు ఆధారము లేదు. కాని సరియైన రకమును, సరిగ ధరించి, గాలి యాడని ఇంటిలోను, క్రిక్కిరిసిన బస్సులోను, ఆసుపత్రిలోను ఎక్కువమంది వాడినపుడు వ్యాధి కొంత తగ్గును. ఆ తగ్గుదలలో పెద్ద పాలు వృద్ధులకు దక్కును. జైన సాధువును, అగ్నిమందిర పురోహితుని మరల తలచుకొనుడు. దగ్గువాని ముఖమున నున్న గుడ్డ, వినువాని ముఖమున నున్న గుడ్డకంటె నెక్కువ పని చేయును.

ఇచ్చట మరియొక సంగతి చెప్పక ముగింపజాలను. తెలంగాణపు పల్లెలలో నోటిని కప్పుకొనుటకు ఒక పాత అర్థము గలదు. దొర యెదుట నిలిచిన పేదవాడు భుజముమీది కండువాను తీసి నడుమునకు చుట్టి, చేయి నోటికడ్డము పెట్టుకొని మాటాడవలసి యుండెను. వాని శ్వాస దొరకు మైలయని ఆ యాచారము. అందు కప్పుకొనువాడు ఎల్లప్పుడు నొక్కడే. విప్పుకొని కూర్చుండువాడు నొక్కడే. 2020లో శాస్త్రము అడిగినది దానికి విరుద్ధము. దొర శ్వాసయు కూలివాని శ్వాసయు నొక్కటియే. రెండింటను వ్యాధి యుండవచ్చును. కావున ఇరువురును కప్పుకొనవలెను. ఒకరు కప్పుకొని యొకరు మానినచో అది ఆరోగ్యవిధి కాదు, పాత దాస్యమే.

ఈ దృష్టితో జరిమానాను చూడవలెను. 2020లో తెలంగాణమున ఉపాధి హామీ పనికి దినకూలి 237 రూపాయలు. వేయి రూపాయలనగా నాలుగుదినములకు మించిన కూలి. ఉద్యోగికి అది చిన్న విసుగు, పాలమూరు కూలికి నాలుగు దినముల గంజి. మే నెల యెండలో మట్టి త్రవ్వువాని ముఖమున గుడ్డ బిగించి కట్టుమనుటకంటె, ఆరుబయట పని చేయువానికి దాని యవసరము తక్కువ యని చెప్పుట శాస్త్రమునకును, దయకును దగ్గర. బంగ్లాదేశ గ్రామములందు ధరించువారిని మూడింతలు చేసినది దండన కాదు. ఇంటికి తెచ్చి యిచ్చుటయు, ఓపికతో చెప్పుటయు, పెద్దలు తాము ధరించి చూపుటయు. మన మహిళా పొదుపు సంఘములవారు ఆ దినములలో ఇండ్లలో మాస్కులు కుట్టి యిచ్చిరి. అట్టి చేతులకు మేలైన వస్తువును, శాస్త్రమును అందించినచో దండనకు పని యుండదు.

గృహిణులకు నా మనవి యిది. ఇంటిలో నొకరికి జ్వరము, దగ్గు వచ్చినపుడు సేవ చేయునది సాధారణముగ కోడలో, తల్లియో. ఆమెకు సోకినచో వంటయు, పిల్లలును, రోగియు నన్నియు చెడును; అయినను ఆమెను కాపాడు ఆలోచన కడపట వచ్చును. కొంగును ముక్కునకు పట్టుకొనుట చాలదు. ఒక చేతితో కొంగు పట్టుకొని ఒక చేతితో గంజి త్రాగించుట కుదురదు. ఆమెకు ముఖమునకు సరిగ నానుకొను మంచి మాస్కు నీయుడు. రోగికిని ఓపిక యున్నచో నొకటి యిండు. ఊపిరి కష్టమైనచో వలదు. రెండేండ్లలోపు పసివారికి కట్టకుడు. తడిసినదానిని మార్చుడు. గది కిటికీలు తెరువుడు. టీకాను విడువకుడు. ముసలివారి మంచము వద్దకు పోవునపుడు, మీకు జలుబున్నచో, ఎవరు చెప్పకున్నను మీరే కప్పుకొనుడు.

మరల తిమ్మాజిపేట రచ్చబండ ప్రశ్నకు వత్తము. గాలిని గుడ్డ యాపునా? ఆపదు, ఆపరాదు కూడ, ఆపినచో ఊపిరాడదు. గాలితో వచ్చుదానిలో కొంత పట్టును. ఆ కొంతతో ఒక యింటి అవ్వ బ్రతికినచో, ఆ యింటివారికి అది కొంత కాదు.